శ్రీరామనవమికి పుట్టాల్సిన తల

నా మనవరాలి బిడ్డ శ్రీరామనవమి నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు పుట్టాలని నిర్ణయం జరిగేనాటికి ఆ బిడ్డ తల నిమ్మకాయంత ఉంది. నిర్ణయించింది డాక్టరు కాదు. పంతులు కూడా కాదు, ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. నిర్ణయించింది మా మనవరాలి అత్తగారు. బిడ్డను ఎవరూ అడగలేదు.

నాకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. మాది గోదావరిఖని. మా ఆయన బొగ్గు బాయిలో పనిచేసినంత కాలం ఏ వారం మొదటి షిఫ్టో, ఏ వారం రాత్రి షిఫ్టో క్యాలెండరు మీద రాసింది నేనే. ఆయన రిటైరయ్యాడు, నాకు మాత్రం ఆ డ్యూటీ తప్పలేదు. గ్యాస్ సిలిండరు ఎప్పుడు మార్చాం, చుట్టాలు ఏ తేదీన వచ్చారు, ఏ తేదీన పోతామని చెప్పారు, నిజంగా ఏ తేదీన పోయారు, అన్నీ నా దగ్గర ఉంటాయి. మా ఇంట్లో ఎవరికి ఏ తేదీ కావాలన్నా నన్నే అడుగుతారు. చెప్పాక ముఖం ముడుచుకుంటారు, అది వేరే సంగతి.

ఈ మనవరాలు నా కూతురి బిడ్డ. నా కూతురు మంచిర్యాలలో బడిపంతులమ్మ. ఊరి పిల్లలందరికీ దొరికే ఆమె సొంత పిల్లకు సెలవుల్లోనే దొరుకుతుంది. అందుకని గోదావరిఖనిలో ఆ పిల్ల మంచిచెడ్డలు నావి. పిల్ల ఇంజనీరింగు చదివింది. ఆ కాలేజీలోనే ఒక అబ్బాయిని చూసుకుంది. ఇక పెళ్ళిచూపులు మిగిలింది మాకూ వాళ్ళకూ మధ్యనే. వాళ్ళది కోస్తా. అబ్బాయి తండ్రి కరెంటు ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి జ్యోతినగర్‌లో స్థిరపడ్డాడు, అబ్బాయి కూడా ఆ ప్లాంటులోనే ఇంజనీరు. మంచివాడు. తల్లి దగ్గర ఏదీ దాచడు. ఆ గుణం వల్ల ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

అబ్బాయి తల్లిది, అంటే మా వియ్యపురాలిది, భక్తి. మామూలు భక్తి కాదు, టైంటేబులు ఉన్న భక్తి. ఆ శ్రావణ మాసంలో కొత్త ఇంట్లోకి పోతూ సత్యనారాయణ వ్రతం చేయించింది. కొడుకునూ కోడలినీ పీటల మీద కూర్చోబెట్టింది. పంతులు కథ చెబుతుంటే ఫోటోగ్రాఫరు ఆయన్నే పక్కకు జరగమన్నాడు. ప్లాంటు పెద్దలందరూ కుటుంబాలతో వచ్చారు. ప్రసాదం మా పిల్లే కలిపింది. బాగా కుదిరింది, నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

తర్వాతి నెల పిల్ల నెల తప్పిందని తెలిసింది. వియ్యపురాలు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. వాళ్ళ ఇంట్లో కోడలి ఆ మూడు రోజులు కోడలి కంటే అత్తకే బాగా గుర్తు, ఎందుకంటే ఆ మూడు రోజులూ వంట అత్తది. చివరిసారి దూరం కూర్చున్నది జూలై నడుమ. అంటే వ్రతం నాటికే బిడ్డ కడుపులో ఉన్నట్టు. "చూశారా అమ్మమ్మగారూ, పీటల మీద కూర్చున్నది ఇద్దరు కాదు, ముగ్గురు!" అని నాకు ఫోన్ చేసి చెప్పింది. నాకే కాదు, జ్యోతినగర్‌లో ఫోను ఉన్నవాళ్ళందరికీ చెప్పింది. స్వామి ప్రసాదంగా పుట్టబోయే బిడ్డ అని ఊరు ఒప్పుకుంది.

జూలై తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపాను. ఏప్రిల్ మూడో వారం వచ్చింది. వియ్యపురాలికీ అంతే వచ్చింది. దానికి రెండు వారాల ముందే శ్రీరామనవమి. ఈ కాలంలో కాన్పంటే ఆపరేషనే కదా, రెండు వారాలు ముందైతే ఏమిటి, ముహూర్తం కోసం బిడ్డ ఆమాత్రం సర్దుకోదా అని ఆమె అభిప్రాయం.

మూడు నెలలు నిండేదాకా మాట గడప దాటకూడదని వాళ్ళ ఆచారం. ఫోన్లు ఆ ఆచారం కిందికి రావు కాబోలు. దవాఖాన మాత్రం వచ్చింది. మూడు నెలలయ్యాక మంచిరోజు చూసేసరికి మొదటి స్కానింగు, అత్తగారి లెక్కలో, ఐదో నెల నిండాక జరిగింది.

స్కానింగు సెంటరు మా చౌరస్తాకు దగ్గర. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి కడుపు మీద జెల్లు రాశారు. గోడకున్న టీవీలో మేము కూడా చూశాం. మొదట బొగ్గు పెళ్ళల మధ్య లైటు వేసినట్టు ఏదో కనిపించింది. తర్వాత గుండ్రంగా తెల్లటి గీత వచ్చింది. అదే తల అన్నారు డాక్టరమ్మ. ఆ తల మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు రెండు గుర్తులు పెట్టి అడ్డం కొలిచారు. నుదుటి నుంచి వెనక్కి పెట్టి పొడవు కొలిచారు. తర్వాత చుట్టూ చుక్కల గీత తిప్పారు. ఇంత పనితనం మా ఊరి దర్జీలకు ఉంటే బాగుండేదనిపించింది.

"చివరి డేట్ ఎప్పుడమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ.

పిల్ల నోరు తెరిచింది. జవాబు మాత్రం అత్తగారి నోట్లోంచి వచ్చింది. జూలై తేదీ చెప్పింది.

డాక్టరమ్మ బిడ్డ పొట్ట కొలిచారు. తొడ ఎముక కొలిచారు. మళ్ళీ తలకు వచ్చారు. "తల, పొట్ట, తొడ ఎముక మూడూ నాలుగు వారాలు తక్కువ చూపిస్తున్నాయి. తల కొంచెం కోలగా ఉంది, కొందరివి అట్లనే ఉంటాయి, అందుకే అడ్డం కొలత ఒక్కటే నమ్మను, చుట్టుకొలత చూస్తాను. అది కూడా నాలుగు వారాలు తక్కువే. మూడూ ఒకే మాట చెప్తుంటే నాకు ముందు డేట్ మీదనే అనుమానం వస్తుంది. డేట్ పక్కానా?"

"పక్కా అండీ. మా కోడలి డేట్ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

డాక్టరమ్మ పిల్ల ముఖం చూశారు. పిల్ల పైన తిరుగుతున్న ఫ్యాన్ చూసింది. నాకు మాత్రం నోరు ఊరుకోదు కదా. "మేడం, నేను గూడ లెక్క చూసిన. తప్పలే" అన్నాను. నా లెక్క నిజంగానే తప్పలేదు. కలిపిన తీరు బ్రహ్మాండం. దేనికి కలిపానో అదే తప్పు.

"సరే. ఒకసారి కొలిస్తే ఎంతుందో తెలుస్తుంది, పెరుగుతుందో లేదో తెలియదు. నాలుగు వారాలకు మళ్ళీ రండి. డేట్ నిజమే అయితే మాత్రం బిడ్డ చిన్నగా ఉన్నట్టే, ఇంకొన్ని పరీక్షలు చేయాల్సి ఉంటుంది" అన్నారు డాక్టరమ్మ.

ఆ నాలుగు వారాలూ బిడ్డ తల ఎందుకు చిన్నదయిందో వియ్యపురాలు పరిశోధన చేసింది. మొదట తప్పు స్కానింగు మిషనుది. తర్వాత గోదావరిఖని గాలిది, ఆరేసిన బట్టలే నల్లబడే చోట బిడ్డ ఎలా పెరుగుతుంది అంది. జ్యోతినగర్ పొగగొట్టాల నుంచి మల్లెల వాసన వస్తున్నట్టు. చివరికి మా వంశం దగ్గరికి వచ్చింది.

"మీ వైపు ఎవరికైనా తలలు చిన్నవా అమ్మమ్మగారూ? ఏమీ అనుకోకండి."

"ఏమనుకుంట బిడ్డా. మా ఆయనకు బాయిల ఇచ్చిన టోపీ పట్టక మార్పిచ్చుకున్నడు. చిన్న తలలు మా దిక్కు లెవ్వు."

"లోపల ఉన్నది కూడా చూసుకోవాలి కదండీ."

"దాన్ని కొలిచే మిషను ఇంక రాలే. వస్తే ఇద్దరం కలిసే పోదాం."

ఆమె నవ్వింది. ఆమెలో అది ఒకటి నాకు నచ్చుతుంది. నవ్వి మళ్ళీ పని చూసుకుంది. పిల్లకు పొద్దున అక్రోట్లు, రాత్రి అక్రోట్లు. అవి చూడటానికి మెదడులాగే ఉంటాయి కాబట్టి నేరుగా తలలోకే పోతాయట. ఆ లెక్కన పుచ్చకాయ తిన్నవాళ్ళ సంగతి ఏమిటో నేను అడగలేదు.

పిల్ల నాలుగు రోజులు ఉంటానని మా ఇంటికి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగి వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. మాకు అది అలవాటే. కానీ పిల్ల రెండు చేతులతో కడుపు పట్టుకొని ఏడవడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, తప్పు నాదే."

"ఏం తిన్నవే?"

"తినుడు కాదు. వ్రతం రోజు పొద్దున్నే... నాకు అయింది."

"ఏమైంది?"

"అదే అమ్మమ్మా. బయట చేరాలె నేను. చెప్పలే. పంతులు వచ్చిండు, ఫోటోలాయన వచ్చిండు, అత్తమ్మ పట్టుచీర పట్టుకొని నిలబడ్డది. అందరి ముందట ఎట్ల చెప్పాలె? చీర కట్టుకొని కూసున్న. ప్రసాదం గూడ కలిపిన. ఆ మూడు రోజులు ఎవ్వరికి తెల్వనియ్యలే. గందుకే స్వామి శిక్ష ఏసిండు. బిడ్డ తల చిన్నగ చేసిండు."

నాకు ముందుగా గుర్తొచ్చింది నేను రెండుసార్లు పెట్టించుకున్న ప్రసాదం. దాని సంగతి కాసేపు ఆలోచించాను. తర్వాత గానీ పిల్ల చెప్పింది చెవిలోంచి కిందికి దిగలేదు.

"ఆగవే. వ్రతం రోజు అయిందా?"

"అయింది."

"మీ అత్త చెప్పిన జూలై డేటు?"

"అది అంతకు ముందుది."

"మరి కడుపు వ్రతం తర్వాతనే కదనే వచ్చింది!"

పిల్ల ఏడుపు ఆపి నా వైపు చూసింది. హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చొని ప్రోగ్రాములు రాసే పిల్ల. డాక్టరమ్మ నాలుగు వారాలు తక్కువ అన్నప్పుడు ఆ నాలుగు వారాలు తన దగ్గరే ఉన్నాయని ఈ పిల్లకు తట్టలేదు. పాపం ఎంత పెద్దదో చూసుకుంటూ తీసివేత మరిచిపోయింది. చదువుకున్న వాళ్ళకు పాపభీతి తక్కువని ఎవరన్నారో గానీ వాళ్ళు మా పిల్లను చూడలేదు.

"అంటే బిడ్డ చిన్నది కాదా అమ్మమ్మా?"

"నాకేం తెల్సు, నేను డాక్టరునా? కాని స్వామికి శిక్ష వేసుడే పనైతే తల ఒక్కటి తగ్గిస్తడు గని, పొట్టకు గింత, తొడకు గింత అని లెక్కగట్టి నాలుగు వారాలు సరిపోయేటట్టు తగ్గిస్తడా? అంత ఓపిక నాకే లేదు. పోయి డాక్టరమ్మకు చెప్పు."

"అత్తమ్మ పక్కనే ఉంటది."

"మీ ఆయనకు చెప్పు."

"అత్తమ్మకు చెప్తడు."

"నువ్వే చెప్పు మరి మీ అత్తకు."

"నువ్వు చెప్పు అమ్మమ్మా, నీ మాటయితే..."

"నేను చెప్తే నువ్వు దాచినవ్ అంటరు. నువ్వు చెప్తే నువ్వు చెప్పినవ్ అంటరు. చెప్పకుంటే ఏమైతదో తెలుసా? శ్రీరామనవమికి నీ బిడ్డకు ఎనిమిది నెలలు గూడ నిండవు. ఆ రోజు కోసి తీస్తరు. ముహూర్తం మంచిదే, ఊపిరి తీసుకునే తెలివి బిడ్డకు వచ్చేదాక అది ఆగుతదా?"

పిల్ల ఆ సాయంత్రం అన్నం తిన్నది.

రెండో స్కానింగుకు మళ్ళీ ముగ్గురం పోయాం. బల్ల మీద పిల్ల, కుర్చీలో అత్తగారు, గోడకు ఆనుకొని నేను. డాక్టరమ్మ పాత రిపోర్టు పక్కన పెట్టుకొని తల చుట్టూ చుక్కల గీత మళ్ళీ తిప్పారు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

"చక్కగా పెరిగింది. నాలుగు వారాల్లో ఎంత పెరగాలో అంత పెరిగింది. లోపల అన్నీ బాగున్నాయి. కానీ మీ డేట్ ప్రకారం చూస్తే ఇంకా నాలుగు వారాలు వెనకే."

"పెరిగింది కదండీ! అయితే శ్రీరామనవమికి ఇబ్బంది లేదుగా?" అంది వియ్యపురాలు.

డాక్టరమ్మ మిషను మీద నుంచి చేయి తీశారు. "అమ్మా, డేట్ నిజమైతే ఇది చిన్న బిడ్డ. చిన్న బిడ్డను ఊరికే వదలం, చూసుకుంటూ ఒక్కోసారి ముందే తీయాల్సి వస్తుంది. డేట్ తప్పయితే ఇది సరిగ్గా ఉన్న బిడ్డ. అప్పుడు ముందే తీస్తే మనమే చిన్న బిడ్డను చేసినట్టు. నేను ఏది రాయాలి?"

"డేట్ తప్పే ప్రశ్నే లేదండీ" అంది వియ్యపురాలు.

నా నాలుక మీద మాట వచ్చి నిలబడింది. దాన్ని అక్కడే పట్టుకున్నాను. నా జీవితంలో ఇంత కష్టమైన పని తక్కువ చేశాను.

పిల్ల కడుపు మీది జెల్లు తుడుచుకోకుండానే మోచేతి మీద లేచింది. "మేడం, ఆ డేట్ తప్పు. నాకు ఆగస్టుల అయింది. వ్రతం రోజు."

"ఏ వ్రతం?" అంది వియ్యపురాలు, ఆ ఏడు పది వ్రతాలు చేసినట్టు.

ఆమెకే మెల్లగా అర్థమైంది. డాక్టరమ్మ ఆగస్టు తేదీ అడిగి మిషనులో కొట్టారు. "ఇప్పుడు తలా సరిపోయింది, పొట్టా సరిపోయింది. మే మూడో వారం. ఆ తారీఖు తల నాకు ముందే చెప్పింది, మీరు చెప్పేదాక ఆగాల్సి వచ్చింది" అని, చీటీ రాస్తూ, "వ్రతాలు, పెళ్ళిళ్ళు, తిరుపతి ప్రయాణాలు. అత్తలు కాసేపు బయట కూర్చుంటే నాకు సగం పని తగ్గుతుంది" అన్నారు. ఎవరినీ చూసి అనలేదు.

కారులో జ్యోతినగర్ దాకా వియ్యపురాలు ముందు సీట్లో కూర్చుంది. ముందు బొగ్గు టిప్పర్లు వరుసగా పోతున్నాయి, కారు కదలలేదు. పిల్ల నా చేయి పట్టుకొని కూర్చుంది. ప్లాంటు గేటు కనిపించాక ఆమె వెనక్కి తిరిగింది. తిట్టు వస్తుందని చూశాను.

"ఆ రోజు ప్రసాదం నువ్వే కదూ కలిపింది?"

"నేనే అత్తమ్మా."

"చీఫ్ ఇంజనీరుగారి భార్య మళ్ళీ అడిగి వేయించుకుంది."

"ఆమెకేమన్న అయ్యిందా బిడ్డా?" అన్నాను నేను.

వియ్యపురాలు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "వాళ్ళాయనకి ప్రమోషన్ వచ్చింది" అంది.

ఆ తర్వాత ఆ సంగతి మీద ఆమె కోడలిని ఒక్క మాట అనలేదు. అనాలంటే నలుగురికి తెలియాలి, నలుగురికి తెలిస్తే నవ్వేది ఆమెనే. దోషానికి ఇంట్లోనే ఎవరినీ పిలవకుండా శాంతి చేయించింది. ఊరికి మాత్రం పాత తేదీనే ఉంచింది. పీటల మీద ముగ్గురు కూర్చున్నారన్న మాట అంతమందికి చెప్పాక వెనక్కి తీసుకోవడం ఎలా?

కాబట్టి శ్రీరామనవమి వచ్చింది. పందిట్లో సీతారాముల కళ్యాణం, పానకం, వడపప్పు. మా పిల్ల పెద్ద కడుపుతో కుర్చీలో కూర్చొని పానకం రెండు గ్లాసులు తాగింది. వచ్చినవాళ్ళు వరుసగా అడిగారు, ఇవాళే అన్నారు కదా, ఇంకా కాలేదా అని. "మహానుభావులు తొందరపడి పుట్టరండీ" అని అందరికీ ఒకే జవాబు చెప్పింది వియ్యపురాలు. ఏప్రిల్ అయిపోయింది. మే వచ్చింది, నేల కాలుతోంది. నెలలు లెక్కపెట్టినవాళ్ళు పది దాటించారు. బిడ్డ పళ్ళతో పుడుతుందని మా వీధిలో ఒకామె అన్నది. నేను క్యాలెండరు ముందు నిలబడి కూడా మాట్లాడలేదు. తప్పు లెక్క చెవిన పడుతుంటే దిద్దకుండా ఉండటం వేరే రకం రోగం, దానికి మందు లేదు.

చివరి నెలలో బిడ్డ తల పైకి పెట్టి కూర్చుంది, తిరగలేదు. ఆపరేషను తప్పదన్నారు, కానీ నెలలు నిండాకే. మంగళవారం పెట్టారు. మంగళవారమా అని ఎవరూ అనలేదు. మత్తు ఇచ్చే డాక్టరు కరీంనగర్ నుంచి ఎప్పుడు దిగితే అదే ముహూర్తం. ఆయన దిగినప్పుడు వర్జ్యం నడుస్తోంది. శ్రీరాముడు కాదు, ఆడపిల్ల. లోపలి నుంచే గట్టిగా అరుపు వినిపించింది. ఊపిరికి లోటు లేదని ఆ అరుపుతో తెలిసిపోయింది. నర్సు టేపు తెచ్చి తల చుట్టూ పెట్టి చూసి, నిండు నెలల తల అన్నది. రెండోసారి కొలవమన్నాను. విసుక్కుంటూ కొలిచింది, అంతే వచ్చింది.

కొలత సరే, ఆకారం మాత్రం కోల. రెండు పక్కలా నొక్కినట్టు పొడుగ్గా, బొప్పాయిలా ఉంది. తల పైకి పెట్టి కూర్చున్న పిల్లలకు అలా ఉంటుందని, కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పారు. చూడటానికి వచ్చినవాళ్ళు మాత్రం పదకొండు నెలలు ఉంచితే సాగదా అని చెవులు కొరుక్కున్నారు.

ఇంటికి వచ్చిన రోజు వియ్యపురాలూ నేనూ మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చాం. తల ఒత్తాలి. ఆమె ఆవాలు నింపి చిన్న దిండు కుట్టించింది. నేను నూనె గోరువెచ్చగా కాచాను. నా చేతులతో మా ఇంటి పిల్లల తలలన్నీ గుండ్రంగా ఒత్తినదాన్ని. ఒక్కటీ వంకర లేదు. వాటిలో ఏమి నింపుకున్నారన్నది నా బాధ్యత కాదు.

వియ్యపురాలు నూనెలో చేయి ముంచి బిడ్డ దగ్గరికి వంగింది.

"ఒత్తకుండ్రి అత్తమ్మా" అంది పిల్ల, మంచం మీద నుంచి.

"పది రోజులు ఒత్తితే చాలే, గుండ్రంగా వస్తుంది. నీ తల కూడా మీ అమ్మమ్మ ఒత్తిందే."

"వద్దు. మేడం చెప్పింది, దానంతట అదే అయితదని. దిండు గూడ వద్దు. అమ్మమ్మా, నువ్వు గూడ వెనకకు జరుగు."

గొంతు పెంచలేదు. బిడ్డను తన వైపు తిప్పుకొని పాలు పట్టింది. బిడ్డ కోల తలతోనే గుటకలు వేసింది.

వియ్యపురాలు నా వైపు చూసింది. నేను ఏమంటానని ఎదురు చూసినట్టుంది. అనడానికి నా దగ్గర బోలెడు ఉంది గానీ అనలేదు. ఆమె చేతి నుంచి నూనె మణికట్టు మీదికి కారుతోంది. చుట్టూ చూసింది, తుడుచుకోవడానికి గుడ్డ కనిపించలేదు. వచ్చి నా ముందు కింద కూర్చొని, నా చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి, ఆ నూనె నా మోకాళ్ళకు రాయడం మొదలుపెట్టింది.

"ఎడమదే ఎక్కువ నొప్పి" అని చెప్పాను.